ఊరి జట్టు – ఊరి సొత్తు



చెఱకు పంటను గూర్చియు, కాలువ నీటిని గూర్చియు మీరు పలుమారు ప్రసంగములు వినియుందురు. నేడు నేను కాలిబంతి యాటను గూర్చి, ముఖ్యముగా ఆ యాట యాడు జట్టులను నిలుపు సంఘములను గూర్చి చెప్పబూనితిని. ఇది పిల్లల వినోదము, దీనితో మాకేమి పని యని కొందరికి తోపవచ్చును. నిజామాబాదు, బోధన్ ప్రాంతములందు ముప్పదియేండ్లకు మించి బడిపంతులుగా పనిచేసిన నాకు, ఇది పెద్దలు ఆలోచింపవలసిన విషయమనియే తోచినది. ఏలయన, బంతి తన్నువారు పిల్లలే యైనను, వారు ఆడుకొను నేలను ఉంచుటయు తీయుటయు పెద్దల చేతిలోని పని.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. దీనిని ఫుట్‌బాలు అందురు. పక్షమునకు పదునొకండుగురు. మైదానమునకు రెండు కొసలయందును రెండేసి గుంజలు నాటి, పైన అడ్డకఱ్ఱ వేసి, వెనుక వల కట్టుదురు. బంతిని చేతితో ముట్టక, కాలితోను తలతోను నడిపి, ఎదిరి పక్షమువారి గుంజల నడుమకు పంపినచో ఒక గోలు. గుంజల కడ కావలి యుండువాడు మాత్రము తన హద్దులో చేతులను వాడవచ్చును. ఆట రెండు భాగములుగా మొత్తము 90 నిమిషములు సాగును. ఒక బంతియు చదునైన నేలయు నున్న చాలును. అందుచేతనే ఇది లోకమంతట పేదవాని యాట యైనది.

ఇక జట్టు వేఱు, క్లబ్బు వేఱు. జట్టనగా నేడు మైదానమున దిగిన పదునొకండుగురు. క్లబ్బనగా వారిని చేర్చి, నేర్పి, పోషించి, వారు వెడలిన పిదప మఱికొందరిని తెచ్చి, పేరును నిలుపు సంఘము. దేవాలయమున అర్చకులు మారుచుందురు. మాన్యము, ధర్మకర్తలు, లెక్కల పుస్తకము నిలిచియున్నంత కాలము దీపము వెలుగుచునే యుండును. క్లబ్బును అట్టిదే. ఆ దీపమునకు నూనె పోయువాడెవడు, ఆ మాన్యము ఎవరి పేర నున్నది అను ప్రశ్నలకు వచ్చు జవాబును బట్టియే క్లబ్బు ఆయువు ఏర్పడును. ఇందుకు మూడు క్లబ్బుల చరిత్రను చెప్పెదను. రెండు మన హైదరాబాదువి, ఒకటి దూరదేశమగు స్పెయిను లోనిది.

మొదటిది హైదరాబాదు నగర పోలీసు జట్టు. నేటి పడుచువారిలో పెక్కురు దీని పేరే వినియుండరు. ఒకనాడు ఈ జట్టు భారతదేశమున సాటిలేనిదై యుండెను. దీనిని తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, బడిపంతులయ్యెను. కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల పాఠశాలలందు పాఠములు చెప్పెను. తానును ఆటగాడే. 1950లో ఆయన పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ యేడే ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును గెలిచెను. పిమ్మట 1951, 1952, 1953, 1954 సంవత్సరములందును అదే కప్పును విడువక గెలిచెను. వరుసగా అయిదేండ్లు! స్వాతంత్ర్యానంతరము 1950లో మరల మొదలైన డ్యూరాండు కప్పును కూడ ఆ జట్టే గైకొనెను. 1954లోను, 1957లోను ఆ కప్పు మరల హైదరాబాదునకే వచ్చెను.

ఈ విజయములకు మూలమేమి? రహీం సాబు పంతులు గనుక, ఆటను పాఠముగా నేర్పెను. కుడికాలు వాటముగల పిల్లలు ఎడమకాలితో మాత్రమే ఆడవలెనని పోటీలు పెట్టెను. బంతిని తన కడనే యుంచుకొని ఒంటరిగా పరుగిడుట కూడదు, తోడివానికి అందింపవలెనని వేఱొక విధమగు పోటీలు పెట్టెను. పొట్టి పిల్లలు పొడుగువారి నడుమ నలిగిపోకుండ, ఎత్తునకు హద్దు పెట్టి వారికి వేఱుగా పోటీలు నడపెను. ఎడమచేతితో అక్షరములు దిద్దించిన నా పిల్లలు ఎంత గింజుకొనిరో నేనెఱుగుదును గనుక, ఇందలి కష్టము నాకు తెలియును. బలహీనమైన యంగమునకు పని చెప్పనిదే అది బలపడదు. ఈ సూత్రము కాలికిని చెల్లును, బుద్ధికిని చెల్లును.

ఆయన భారతదేశపు జట్టునకును శిక్షకుడయ్యెను. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలందు మనవారు ఇరానును ఓడించి స్వర్ణపతకము నందిరి. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలందు నాలుగవ స్థానము వచ్చెను. మన దేశము ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతకంటె పైకి నేటివఱకు పోలేదు. ఆ జట్టున అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలగు హైదరాబాదువారు పలువుర ఉండిరి. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల నాటికి రహీం సాబును పుట్టకుఱుపు వ్యాధి పట్టియుండెను. అయినను జట్టును విడువలేదు. తుదిపోటీలో దక్షిణ కొరియాను రెండు గోలులకు ఒకటిగా ఓడించి మనవారు మరల స్వర్ణమును తెచ్చిరి. మఱుసటి యేడు, 1963 జూను 11వ తేదీన, ఆయన పరమపదించెను.

ఇందు తులసీదాస్ బలరాం కథను ప్రత్యేకముగా చెప్పవలెను. ఇతడు సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ గ్రామపు పేదింటి బిడ్డ. శిక్షణకు రమ్మని రహీం సాబు పిలువగా, వచ్చిపోవుటకు సైకిలు బాడుగ కూడ తన కడ లేదనెను. ఆ బాడుగ సొమ్మును రహీం సాబే ఇచ్చెనని బలరాం పిమ్మట చెప్పుకొనెను. ఆ బాలుడే దేశమునకు రెండు ఒలింపిక్ క్రీడలలో ఆడి, 1962లో అర్జున పురస్కారము నందెను. ఒక సైకిలు బాడుగ ఎంత ఫలము నిచ్చెనో చూడుడు. కాని బలరాం పోలీసు జట్టున ఎంతకాలమో నిలువలేదు. 1957లోనే కలకత్తాకు పోయి ఈస్టు బెంగాలు క్లబ్బున చేరెను. ఆ పిమ్మట నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ మొదలగు హైదరాబాదు రత్నములును కలకత్తా దారియే పట్టిరి. వారిని తప్పు పట్టరాదు. కలకత్తా క్లబ్బులకు వేలకొలది సభ్యులు, చందాలు, నిండిన మైదానములు నుండెను. ఆటగానికి అచట జీవనము దొరకెను.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1956లో ఏర్పడిన పిమ్మట కొంతకాలమునకు ఆ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టను పేర ఆడసాగెను. 1961లో డ్యూరాండు కప్పును, 1963లో రోవర్సు కప్పును గెలిచెను. అవియే చివరివి. ఆ పిమ్మట ఆ రెండు కప్పులును ఆ జట్టునకు మరల రాలేదు. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని మనవారు 1956–57లోను, 1957–58లోను, 1965–66లోను గెలిచిరి. అదియును అంతటితో సరి. 2024 డిసెంబరులో ఆ ట్రోఫీ తుదిపోటీ హైదరాబాదుననే జరిగెను. ఆడినవారు పశ్చిమ బెంగాలు, కేరళ జట్టులవారు. మనము చూచువారమైతిమి.

పోలీసు జట్టు ఏల కూలెను? నా యాలోచన యిది. ఆ జట్టునకు ఊపిరి రెండు చోట్లనుండి వచ్చుచుండెను. ఒకటి పోలీసు శాఖ యిచ్చు ఉద్యోగము. రెండవది ఒక గురువు. ఉద్యోగముకంటె మేలైన జీవనము వేఱుచోట దొరకినంతనే ఆటగాండ్రు కదలిరి. గురువు పోయినంతనే చదువు సన్నగిల్లెను. నగరవాసులు ఆ జట్టును ప్రేమించిరి, చప్పట్లు చఱచిరి. కాని దానియందు వారికి భాగము లేదు, బాధ్యత లేదు. ప్రేమ యొక్కటే పునాది కాజాలదు.

రెండవ కథ నిన్న మొన్నటిది. పూనాలోని యొక క్లబ్బు మూతపడగా దాని స్థానమును గైకొని 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు వెలసెను. ఇది ధనవంతులు పెట్టుబడి పెట్టి నడపినది. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేత యయ్యెను. హైదరాబాదు ఫుట్‌బాలునకు మంచిదినములు మరల వచ్చెనని పలువురు సంతసించిరి. ఒకటి రెండేండ్లకే చేతి సొమ్ము చాలక, జీతములు బాకీపడి, క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఆ క్లబ్బుపై నిషేధము పడెను. చేతులు మారి, 2025 అక్టోబరులో పేరును ఊరును మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. అంగడిని ఒక వీధినుండి మఱియొక వీధికి మార్చినట్లు క్లబ్బును మార్చిరి. విజయము గాంచిన మూడున్నరయేండ్లకే ఇట్లు జరిగినది. దీనిని కట్టివేయుటకు హైదరాబాదువారికి ఏ త్రాడును లేదు, ఏలయన అది వారి సొత్తు కాదు.

ఇక మూడవ కథకు సముద్రములు దాటి పోవలెను. స్పెయిను దేశమున ఉత్తరభాగమున, బాస్కు అను సీమలో, కొండల నడుమ ఇఱుకైన లోయలో ఎయ్‌బార్ అను చిన్న పట్టణము కలదు. జనసంఖ్య సుమారు 27,000. మన బోధన్ పట్టణము దానికి రెండింతలకు మించినది. బోధన్ చక్కెరకు పేరొందినట్లు ఎయ్‌బార్ తుపాకుల తయారీకి పేరొందెను. అందుచేతనే ఆ జట్టువారికి ఆయుధకారులని ముద్దుపేరు. 1936 మొదలు 1939 వఱకు స్పెయినులో అంతర్యుద్ధము జరిగినపుడు ఆ పట్టణము బాంబులచే శిథిలమయ్యెను. ఆ శిథిలములు ఇంకను తొలగక మునుపే, 1940లో, అచటివారు తమ క్లబ్బును స్థాపించిరి.

ఆ దేశపు ఫుట్‌బాలు ఏర్పాటు మన బడి తరగతుల వంటిది. పై తరగతి, రెండవ తరగతి, వాని క్రింద మఱికొన్ని తరగతులు. ఏటేట పోటీలందు మొదట నిలిచినవారు పై తరగతికి పోవుదురు. వెనుకబడినవారు క్రిందికి దిగుదురు. ఊరు చిన్నదని యెవరిని ఆపరు, పెద్దదని యెవరిని కరుణింపరు. ఎయ్‌బార్ జట్టు బహుకాలము క్రింది తరగతులలో నుండి, 1988లో రెండవ తరగతికి చేరి, పదునెనిమిదేండ్లు అచట నిలిచి, దిగి, ఎక్కి, మరల దిగెను. 2013లో రెండవ తరగతికి, 2014లో ఏకముగా పై తరగతికి ఎగబ్రాకెను. వారి మైదానమగు ఇపురువాలో అప్పుడు కూర్చుండగలవారు సుమారు 5,000 మందియే. ఎదుర్కొనవలసినదో, ఎనుబది వేలకు పైబడి జనము పట్టు మైదానములుగల మాడ్రిడ్, బార్సెలోనా క్లబ్బులు!

అచట ఒక చిక్కు వచ్చెను. క్లబ్బులు అప్పులపాలు కాకుండుటకై 1999లో చేసిన యొక శాసనము ననుసరించి, ఎయ్‌బార్ తన మూలధనమును పెంచవలసి యుండెను. కావలసినది సుమారు 17 లక్షల యూరోలు. గడువు 2014 ఆగస్టు. వింత యేమనగా, ఆ క్లబ్బునకు అప్పే లేదు. వచ్చినదానికి మించి ఖర్చుచేయని సంసారమువలె నడచుచున్నది. అయినను శాసనము శాసనమే. ఆ సొమ్ము చేరనిచో, గెలిచినను పై తరగతికి పోవుటకు వీలులేదు.

ఒక్క ధనవంతునికి అమ్మివేసినచో పని తేలికగా తీరును. వారట్లు చేయలేదు. క్లబ్బును చిన్న చిన్న వాటాలుగా చేసి, వాటా వెల 50 యూరోలుగా నిర్ణయించిరి. ఎంత ధనవంతుడైనను లక్ష యూరోలకు మించి వాటాలు కొనరాదని హద్దు పెట్టిరి. ఈ హద్దునందే కలదు రహస్యమంతయు! ఊరి కార్మికులు కొనిరి, అంగడివారు కొనిరి, యాభైకి మించిన దేశములనుండి ముక్కు మొగము తెలియనివారును కొనిరి. పడుచుతనమున ఆ క్లబ్బున ఆడి, పిమ్మట జగత్ప్రసిద్ధులైన చావి అలోన్సో, దావిద్ సిల్వాలు తోడు నిలిచిరి. గురుదక్షిణ యనగా ఇదియే కదా! గడువులోగా సొమ్ము చేరెను.

ఆ తరువాతి సంగతి మఱింత గమనింపదగినది. 2014–15లో పై తరగతిలో ఆడి, ఎయ్‌బార్ చివరి ముగ్గురిలో చేరెను. దిగిపోవలసినదే. కాని తమకంటె పైన నిలిచిన ఎల్చే అను క్లబ్బు అప్పులు తీర్చలేదని క్రిందికి దింపివేయబడెను. అప్పులేని ఎయ్‌బార్ ఆ స్థానమున నిలిచెను. ఆటలో ఓడినను లెక్కల పుస్తకము గెలిపించినది! అది మొదలు 2021 వఱకు, మొత్తము ఏడేండ్లు, ఆ చిన్న పట్టణము పై తరగతిలో మహానగరములతో తలపడెను. 2021లో రెండవ తరగతికి దిగెను. అయినను క్లబ్బు మూతపడలేదు, ఊరు విడిచి పోలేదు. దిగుట వేఱు, పోవుట వేఱు.

ఇప్పుడు మన యూరి వైపు చూతము. 1931లో మంజీర నదిపై నిజాంసాగరు పూర్తియై మన పొలములకు నీరు వచ్చెను. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ స్థాపితమయ్యెను. శక్కర్‌నగరమని దాని చుట్టును ఒక యూరే వెలసెను. ఆ ఫ్యాక్టరీ కూతను విని గడియారము దిద్దుకొన్న యిండ్లు ఎన్నియో. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. పై కథలో ఎయ్‌బార్ తన స్థానమును నిలుపుకొన్నదియు 2015లోనే. మన బ్రతుకు ఆధారపడిన వస్తువునకు తాళపుచెవి పరుల చేతిలో నున్నచో ఏమగునో మీకు నేను చెప్పనక్కఱ లేదు. పోలీసు జట్టు కథయు, ఢిల్లీకి పోయిన క్లబ్బు కథయు మీకు సులభముగా బోధపడుట అందుచేతనే.

మన నేలలో ఆటగాండ్రు పుట్టరా యనిన, పుట్టుచునే యున్నారు. నిజామాబాదు జిల్లాలోని యొక తండానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య అను బాలిక భారత మహిళల జట్టున స్థానము సంపాదించినది. ఐరోపాలోని క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బు ఆమెను 2022లో చేర్చుకొన్నది. 2024–25లో ఈస్టు బెంగాలు క్లబ్బు దేశపు మహిళల లీగును గెలిచినపుడు ఆమె ఆ జట్టున నుండెను. ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణిగా అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెనే ఎన్నుకొనినది. 1957లో బలరాం పట్టిన కలకత్తా దారిని, అరువదియేండ్లు గడచిన పిమ్మట మన తండా బిడ్డయు పట్టవలసి వచ్చెను. ఆమె కీర్తి మనకు సంతోషమే. కాని పైరు మనది, గాదె పరులది యగుట సంతోషము కాదు.

కొందరు పెద్దలు నాతో ననుచుందురు: "పంతులుగారూ, ఆటలలో పడిన పిల్లవానికి చదువు చెడదా? కాళ్లు విఱుగవా? ఆడపిల్లను మైదానమునకు పంపుట యెట్లు?" నా యనుభవమున చూచినది చెప్పెదను. సాయంకాలము ఒక గంట హద్దులో ఆడిన పిల్లవాడు రాత్రి దీపము కడ కుదురుగా కూర్చుండును. ఆడ చోటులేని పిల్లవాడే కల్లు దుకాణపు గోడ కడను, నేటికాలమున సెల్‌ఫోను కడను ప్రొద్దు పుచ్చుచున్నాడు. దెబ్బలు తగులును, సేద్యములోను తగులును. ఇక ఆడపిల్లల మాట. చెఱకు కోతకు పంపుటకు లేని సంకోచము ఆటకు పంపుటకేల? పెద్దలు నలుగురు మైదానపు గట్టున కూర్చున్నచో అంతకు మించిన కావలి వలదు.

నేను పనిచేసిన యొక పాఠశాలలో ఆటస్థలము విశాలముగా నుండెడిది. ఒక యేడు ఒక మూలన ఇసుక పోసిరి. మఱుసటి యేడు ఆ మూలన ఒక గది లేచెను. పిమ్మట గది ప్రక్కన దుకాణములు. ఎవరును అడుగలేదు, ఏలయన ఆ నేల ఎవరిదని యెవరికిని తెలియదు. పదేండ్లకు పిల్లలు రోడ్డుపై బంతి తన్నుచు లారీలకు తప్పుకొనుచుండిరి. మైదానము ఒక్కనాడు పోదు. జానెడు జానెడుగా పోవును.

కావున మీకు నా మనవి మూడు మాటలు. మొదటిది, మీ యూర పిల్లలు ఆడు నేలకు హద్దులు కొలిపించి, రాళ్లు పాతించి, గ్రామ పంచాయతీ దస్తావేజులలో ఆటస్థలముగా వ్రాయింపుడు. రెండవది, బడిలోని యొక ఉపాధ్యాయునికో, ఆట తెలిసిన యొక యువకునికో ఆ పిల్లల నప్పగించి, అతనికి కొంత గౌరవవేతన మిండు. రహీం సాబు వంటివాడు నూఱేండ్ల కొకడు పుట్టవచ్చును. కాని సైకిలు బాడుగ ఇయ్యగలవాడు ప్రతియూర నున్నాడు. మూడవది, ఊరివారందరు సభ్యులుగా నొక చిన్న సంఘమును పెట్టుడు. అయిదువందల యిండ్లవారు ఏటికి నూఱేసి రూపాయలిచ్చినచో అర్ధలక్ష యగును. బంతులకు, వలలకు, గీతలు గీయు సున్నమునకు, ప్రక్క యూళ్లకు పోయివచ్చు బాడుగకు అది మొదటికి చాలును. ఎంత గొప్పవాడైనను ఇంతకు మించి ఇయ్యరాదని హద్దును పెట్టుడు. లేనిచో సంఘము అతని యింటి వాకిట కట్టిన యెద్దగును. లెక్కల పుస్తకమును ఏటికొకమారు రచ్చకట్టపై పదుగురి యెదుట చదివింపుడు. అప్పు మాత్రము చేయకుడు.

ఇట్లు చేసినంత మాత్రమున మన జట్టు రేపే కప్పులు గెలుచునని నేను చెప్పను. ఎయ్‌బార్ స్థాపితమై పై తరగతికి చేరుటకు 74 ఏండ్లు పట్టినది. నేడు నాటినవాడు ఫలమును చూడకపోవచ్చును. మామిడిటెంక నాటు ముసలివానికి ఈ సంగతి తెలియును, అయినను నాటుచున్నాడు. ఈ వారములోనే మీ యూరి ఆటస్థలమునకు ఒకమారు నడచి పోయి, దాని నాలుగు హద్దులెక్కడనో చూచి రండు. హద్దురాయి దొరకనిచో, పని యచటనే మొదలుపెట్టుడు.